సంధియా, సంశ్రయమా?

నయాపూలు దాటి మూసీకి ఉత్తరమున కోఠీకి పోయినచో, నిజాము ధనముతో లేచిన బ్రిటిషు రెసిడెన్సీ భవనము నేటికిని కానవచ్చును. దానిని కట్టింప మొదలిడిన జేమ్సు కిర్క్‌పాట్రిక్కునకును హైదరాబాదు కన్య ఖైరున్నిసాకును జరిగిన వివాహకథయే 2002లో విలియం డాల్‌రింపుల్ వెలువరించిన 'వైట్ మొఘల్స్'.

గ్రంథకర్త పరిశ్రమ కొనియాడదగినది. నాటి తెల్లవారిలో కొందరు మన వేషభాషలను స్వీకరించి, మనవారితో చుట్టరికము కలుపుకొనిరని అతడు చక్కగా నిరూపించెను. కాని వేషము కలిసినంత మాత్రమున బలము సమమగునా? మా సంశయ మిదియే.

హైదరాబాదీ దుస్తులు ధరించిన ఆ కిర్క్‌పాట్రిక్కే 1798 సెప్టెంబరు 1న కుంపిణీ పక్షమున నిజాము అలీఖానుతో ఒడంబడిక కుదిర్చెను. అక్టోబరులో ఫ్రెంచి నాయకుల క్రిందనున్న సుమారు 14 వేల సైన్యము నిరాయుధమయ్యెను. 1800 నాటి ఒడంబడికతో బళ్లారి, కడప సీమలు కుంపిణీ వశమయ్యెను. కుంపిణీకి తెలుపక పరరాజ్యములతో సంప్రదించు స్వేచ్ఛయు నిజామునకు పోయెను.

కౌటిల్యుడు సంధి వేరు, సంశ్రయము వేరు అనెను. బలవంతుని నీడ చేరుట సంశ్రయము. ఇది పేరునకు సంధి, ఫలమునకు సంశ్రయము. కాదందురా, మా బడిపిల్లలు వల్లించు వ్యాకరణసంధి యనుడు: పూర్వస్వరము లోపించును, పరస్వరము నిలుచును.

ఆ కాపురమునకును ఈ సూత్రమే పట్టినది. 1805లో ఇద్దరు బిడ్డలను సీమకు పంపిరి. అచ్చట వారి హైదరాబాదు పేళ్లు పోయి విలియం, కేథరిన్ అను పేళ్లు నిలిచెను. తల్లి వారిని మరల చూడకయే 1813లో కన్నుమూసెను. ఈ దుఃఖమును డాల్‌రింపుల్ దాచలేదు. చదువరి కంట నీరు పెట్టించెను. అయినను ఆ కన్నీటికిని ఆ షరతులకును గల సంబంధమును మేము కోరినంత గట్టిగా చూపలేదు. కథ ముగిసినపుడు ప్రేమ గుర్తుండును, ఒడంబడిక మరుగుపడును.

ఇది గతించిన ముచ్చట యని త్రోసివేయరాదు. 2025 జులై 24న భారతమును బ్రిటనును వర్తకపు ఒడంబడికపై సంతకములు చేసినవి. నేడు మనది ఆశ్రితరాజ్యము కాదు. మంచిచెడ్డలు ఎంచి ఒప్పుకొను శక్తి మనకు కలదు. కాని ఆ శక్తి సార్థకమగుటకు, కరచాలనముల చిత్రములు చూచి మురియక షరతులు చదువు అలవాటు ప్రజలకు కావలెను. అంగడివాని తీపిమాటలు వినుచునే త్రాసుపై కన్నుంచు మన ఇల్లాండ్రకు ఈ విద్య క్రొత్త కాదు.