పాశ్చాత్య విపణిలో మన సంగీతము

ఒక దేశపు సంగీతము మరియొక దేశమున వినబడుట సంతోషకరమే. కాని అచ్చట అమ్ముడువోవునది సంగీతమా, లేక దానికి తగిలించిన చీటియా యని విచారింపవలసియున్నది.

1955వ సంవత్సరమున యెహూదీ మెనూహిన్ ఆహ్వానముపై ఆలీ అక్బర్ ఖాన్ న్యూయార్కున సరోద్ వాయించెను. ఆ సందర్భమున వెలువడిన లాంగ్‌ప్లే రికార్డులో మెనూహిన్ స్వయముగా ఆ సంగీతమును శ్రోతలకు పరిచయము చేసెను. అది మంచి పద్ధతి. పదేండ్లకు పరిస్థితి మారినది. 1965లో బీటిల్స్ బృందము తమ పాటలో సితారు చేర్చినది మొదలు వర్తకులకు అది కొత్త సరకైనది. 1967లో మాంటెరే, 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవములందు రవిశంకర్ వాయించెను. రాగమును మాదకద్రవ్యములతో ముడివేయుట ఆయనను మిక్కిలి బాధించినది. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ కాందిశీకుల సహాయార్థము జరిగిన కచ్చేరీలో వాద్యములు శ్రుతి చేసికొనగనే సభ కరతాళధ్వనులు చేసెను. శ్రోతలను నిందింప బనిలేదు. వారికి అమ్మినవారు వింతను చూపిరే గాని విద్యను తెలుపరైరి.

1987లో లండనునందు కొందరు స్వతంత్ర రికార్డు సంస్థలవారు సమావేశమై, దుకాణములలో ఏ అరనుంచవలెనో తెలియని రికార్డులకు ‘ప్రపంచ సంగీతము’ అను పేరు నిర్ణయించిరి. దానివలన ఆఫ్రికా, ఆసియా గాయకులకు చోటు దొరికిన మాట నిజము. కాని పాశ్చాత్య సంగీతము ప్రపంచములోనిది కానట్లును, తక్కినదంతయు ఒకే మూటయైనట్లును ఆ పేరు పలుకుచున్నది.

ఆ మూటలో మొదట నలుగునది భాష. త్యాగరాజస్వామి (1767–1847) కావేరీతీరమున తిరువయ్యారులో నివసించి, అధికభాగము తెనుగుననే కృతులు రచించెను. ఆంధ్రదేశమునకు వెలుపల నున్న మనకు అంతకు మించిన గర్వకారణమేమి? ఆ కృతిని ‘ప్రాచ్య ఆధ్యాత్మిక గానము’ అని మాత్రమే చెప్పి అమ్మినచో, రాముని వేడుచు, నిష్ఠూరమాడుచు, బ్రతిమాలుచు సాగు ఆ మాటల రుచి శ్రోతకు అందదు.

అయితే దోషమంతయు విపణిదే యనరాదు. మన పిల్లలు ఆ కృతులను తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో వ్రాసికొని పాడుచున్నారు. లిపి ఏదైనను చింతలేదు. అర్థమెరుగక పాడుటయే నష్టము. పాడువారమే అర్థమును విడిచినపుడు, కొనువారిని దాని నడుగుమనుట యెట్లు? కావున మన సభలవారు కచ్చేరీ పత్రికపై సాహిత్యమును, తాత్పర్యమును, రచయిత పేరును, భాష పేరును తప్పక అచ్చువేయింతురు గాక. తల్లిదండ్రులు పాటతోపాటు మాటయు నేర్పుదురు గాక.