ముక్కూమొహం తెలియని ఆత్మీయులు

మీ సెల్‌ఫోన్‌లో నంబరు కొట్టే చోటు ఒకసారి చూడండి. 1, 2, 3 పైవరుసలో ఉంటాయి. అదే ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరవండి. అక్కడ పైన 7, 8, 9 ఉంటాయి. ఫోన్ అంకెల అమరిక వెనక జాన్ కార్లిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆయన బృందం మామూలు మనుషుల చేత నొక్కించి, నొక్కించి చూసి దాన్ని ఖాయం చేసింది. 2013లో 94 ఏళ్ల వయసులో ఆయన పోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో మార్గలిట్ ఫాక్స్ రాసిన నివాళి చదవకపోతే ఈ సంగతి నాకు ఈ జన్మకు తెలిసేది కాదు. ఆ తర్వాత ఏ పని చేస్తున్నా, ఎవరి వేలికి ఏది సుఖమో ఆలోచించడం నాకు అలవాటైంది.

పరాయివాళ్ల మరణవార్తలు చదవడం అశుభం అనేవాళ్లున్నారు. మంచి నివాళిలో చావు ఒక్క వాక్యమే. ఎప్పుడు, ఎక్కడ, ఏ జబ్బుతో, ఎవరు ధ్రువీకరించారు. అంతే. మిగిలిన కాలమ్ అంతా బతుకు.

ఈ విద్యలో నా గురుపీఠం రాబర్ట్ మెక్‌గిల్ థామస్‌ది. టైమ్స్‌లో 1995 నుంచి 2000 జనవరిలో తాను కన్నుమూసేదాకా ఆయన వందల నివాళులు రాశాడు. దేశాధినేతల కంటే గల్లీ మేధావులే ఆయనకు ప్రీతి. ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి సంగతి చూడండి. 1947లో మిషిగన్‌లో పొరుగింటావిడ పిల్లి కోసం ఇసుక అడిగింది. ఆయన ఇసుక బదులు జిడ్డును పీల్చే బంకమట్టి గుళికలు ఇచ్చి పంపాడు. ఆవిడ మళ్లీ అదే కావాలంది. ఆ సంచుల మీద ఒక పెద్ద పరిశ్రమే లేచింది. ఇంత చిన్న సంగతిని థామస్ ఎంత దర్జాగా చెప్పాడో! ఎక్కడా వెక్కిరింపు లేదు, ఎక్కడా పొగడ్త లేదు.

లండన్ డైలీ టెలిగ్రాఫ్‌లో 1986 నుంచి హ్యూ మాసింగ్‌బర్డ్ నడిపిన పేజీ మరో ఘరానా. అక్కడ రాసినవారి పేరుండదు. ‘సరదా మనిషి’ అంటే తాగుబోతని పాఠకుడే గ్రహించాలి. మన ‘ముక్కుసూటి మనిషి’ లాంటిదే. ఇక మనిషి బతికుండగానే నివాళి రాసి పెట్టుకునే ముందుచూపు సంగతి. ఎలిజబెత్ టేలర్ 2011లో పోతే న్యూయార్క్ టైమ్స్ వేసిన నివాళి మెల్ గుసోది. ఆయన అప్పటికి ఆరేళ్ల ముందే చనిపోయాడు! తప్పులు దిద్దుకోవడమూ ఆ పత్రికకు తెలుసు. తాము వదిలేసిన స్త్రీలకు 2018 మార్చి 8 నుంచి ఆలస్యంగానైనా నివాళులు రాయడం మొదలుపెట్టింది. 1969లో పోయిన మన మధుబాల ఆ తొలి జాబితాలోనే ఉంది.

ఇప్పుడు మన పేపర్లు తెరవండి. కడుపు మండిపోతుంది. ఎవరు పోయినా ‘తీరని లోటు’. ఎవరు పోయినా ‘స్నేహశీలి, నిగర్వి, అజాతశత్రువు’. పార్థివదేహానికి పూలమాల వేసిన నాయకుల పేర్లు ఆరు వరుసలు, పోయిన మనిషి ఏం చేశాడో ఒక్క వరుస ఉండదు. ముప్పై ఏళ్లు గాలివానల్లో స్తంభాలెక్కిన లైన్‌మన్, ఊరందరికీ పురుళ్లు పోసిన మంత్రసాని, ఇంటివాళ్లు డబ్బు కట్టి శ్రద్ధాంజలి ప్రకటన వేయిస్తేనే పేపరుకెక్కాలా? ఇంటర్నెట్‌లోనైతే మరీ ఘోరం. పోయినవాళ్ల పేర్లు ఏరుకుని, వివరాలు కలిపి కొట్టి, ప్రకటనల డబ్బు కోసం యంత్రాలతో నివాళులు అల్లించే సైట్లున్నాయి. అది శవాల మీద పేలాలు ఏరుకోవడమే.

సంపాదకులారా, జిల్లా ఎడిషన్‌లో వారానికి అర కాలమ్ చాలు. ఒక కుర్ర విలేకరి చేత ఆ ఇంటికి ఫోన్ చేయించండి. ‘ఆయన పొద్దున్నే లేచి ముందు ఏం చేసేవారు? దేనికి పట్టుబట్టేవారు? చేతిపని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని అడిగించండి. పాఠకులకూ ఒక మాట. మీ ఇంటికి విలేకరి వస్తే ఎవరెవరు పరామర్శించారో చెప్పకండి. మీ నాన్న పనిముట్ల పెట్టె తెరిచి చూపించండి.