నిన్నటి టేబుల్, నేటి టేబుల్: తేడా పట్టే విద్య

రాత్రి వచ్చిన ఖాతాదారుల టేబుల్ ఒకటి, నిన్నటి కాపీ ఒకటి. కాలమ్స్ అవే, వరుసలు లక్షల్లో. కొత్తగా చేరిన వాళ్లెవరు, వివరాలు మారిందెవరికి? చెయ్యి తిరిగిన ఎస్‌క్యూఎల్ పనిమంతుడు దీనికి నాలుగైదు లైన్లలో జవాబు రాస్తాడు. ఆ నాలుగు లైన్లు చదివినప్పుడల్లా నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

టేబుల్‌ని వరుసల సమితిగా చూడమని 1970లో ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ చెప్పాడు. మిగతాదంతా ఆ చూపులోంచి వచ్చిందే. నేటి టేబుల్‌లోంచి నిన్నటిది తీసేస్తే కొత్తవీ మారినవీ ఒక్క దెబ్బకు బయటపడతాయి. ఒరాకిల్‌లో దీన్ని మైనస్ అంటారు, మిగతా చోట్ల ఎక్సెప్ట్. మైఎస్‌క్యూఎల్‌కి ఇది 2022లో గానీ రాలేదు! వచ్చిన వరుసల్లో కీ నిన్న కూడా ఉంటే మారినది, లేకపోతే కొత్తది. టేబుల్స్ తారుమారు చేసి అదే క్వెరీ నడిపితే, నేడు లేని కీలే తొలగిపోయిన వరుసలు.

అసలు పనితనం నల్ దగ్గర తెలుస్తుంది. 104వ ఖాతాదారుకి నిన్న ఫోన్ గడిలో నల్, ఇవాళ నంబరు. రెండు టేబుల్స్‌నీ కీ మీద జాయిన్ చేసి, ఫోన్లు సమానం కాని వరుసలు ఇమ్మంటే 104 రాడు. నల్‌తో దేన్ని పోల్చినా అవునని రాదు, కాదనీ రాదు, తెలియదని వస్తుంది. వేర్ క్లాజు ఆ వరుసను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 'ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్' అని రాస్తే దొరికిపోతాడు. ఎక్సెప్ట్ అయితే ఆ జాగ్రత్త తనే తీసుకుంటుంది. కొత్త వరుసల కోసం నాట్ ఇన్ వాడేవాళ్లకూ ఇదే గండం: లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఫలితం సున్నా వరుసలు. నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి, నిశ్చింతగా ఉండండి.

ఇక ఒరాకిల్ నిపుణుడు టామ్ కైట్ తన 'ఆస్క్ టామ్' ప్రశ్నోత్తరాల ద్వారా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉందే, అది కళాఖండం. రెండు టేబుల్స్‌నీ యూనియన్ ఆల్‌తో కలిపి, ఏ వరుస ఎటునుంచి వచ్చిందో గుర్తు పెట్టి, అన్ని కాలమ్స్ మీదా గ్రూప్ బై చేసి, రెండు వైపుల లెక్క కుదరని వాటినే ఉంచుతారు. ఒక్కో టేబుల్‌ని ఒక్కసారే చదవడం! మైనస్ మింగేసే డూప్లికేట్లు కూడా ఇందులో తప్పించుకోలేవు.

ఇంత విద్య చేతిలో ఉండగా ఇప్పుడు జరుగుతున్నదేమిటి? కర్సర్ తెరిచి లూపులో ఒక్కొక్క వరుసనీ పోలుస్తున్నారు. ఎక్సెల్‌లోకి దించి వీలుకప్ లాగుతున్నారు. మార్పు తేదీ కాలమ్‌ని గుడ్డిగా నమ్ముతున్నారు. చేత్తో అప్‌డేట్ చేసినవాడు ఆ తేదీ మార్చకపోతే ఆ మార్పు ఎవరికి కనిపిస్తుంది? ఇంకొందరు కాలమ్స్‌ని మధ్యలో గుర్తు లేకుండా అతికించి హ్యాష్ తీస్తారు. 12, 3 అతికించినా 123. 1, 23 అతికించినా 123. మారిన వరుస మారనట్టే పోతుంది. దీన్ని ఆధునిక పద్ధతి అని పాఠం చెబుతుంటే ఒళ్లు మండుతుంది.

అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ నేర్పే గురువులకూ, హైటెక్ సిటీలో ఇంటర్వ్యూలు చేసే సీనియర్లకూ నా విన్నపం ఒక్కటే. జాయిన్ల రకాలు అప్పజెప్పించుకోవడం ఆపండి. నల్‌లూ డూప్లికేట్లూ ఉన్న రెండు చిన్న టేబుల్స్ పిల్లల చేతికిచ్చి, తేడా పట్టమనండి.