తొక్కితే పలికే పెట్టె

లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో హెన్రీ విల్లిస్ 1871లో నిలబెట్టిన ఆర్గాన్‌కి ఇప్పుడు పదివేలకు దగ్గరగా గొట్టాలు. గాలి కొట్టడానికి అప్పట్లో ఆవిరి యంత్రాలు పెట్టారు. అంత వైభోగం మన గుంటూరు సీమకి రాలేదు గానీ, ఎడ్లబండిలో పట్టే దాని చిన్నచుట్టం వచ్చింది.

పారిస్‌లో డెబేన్ హార్మోనియానికి పేటెంటు తీసుకున్నది 1842లో. ఫాదర్ హయ్యర్ గుంటూరొచ్చి లూథరన్ మిషన్ పెట్టిందీ ఆ ఏడే. రెంటికీ ముడి పెట్టను, ఏడాది కలిసిందంతే. గొట్టాల జోలికి పోకుండా ఇత్తడి నాలుకలు బిగించడంతో పెట్టె చిన్నదైంది. మూడున్నర స్థాయిలకి 42 మెట్లు, రెండు వరసల రీడ్లయితే 84 నాలుకలు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని ఇంకా కుదించి చేతిపెట్టె చేశాడు. మన నాటకాలవాళ్లు మాత్రం చాలాకాలం కాళ్ల హార్మోనియాన్నే పట్టుకున్నారు.

తెనాలిలో ఒకాయన దాన్ని బాగుచేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ఒక రీడు పలకడం లేదు. నాలుకకీ చట్రానికీ మధ్య వెంట్రుకవాసి సందు, అందులో దూదిపీచు. పత్తి సీమ మరి! పోస్టుకార్డు ముక్క దూర్చి లాగేశాడు. శ్రుతి దిగిన రీడుకి నాలుక కొనను గీకాడు. కొన తేలికైతే స్వరం లేస్తుంది. దించాలంటే మొదట్లో గీకాలి. గీకడం, ఊదడం, వినడం. మధ్యలో నాతో ఒక్క మాట లేదు.

గమకాలు పలకవని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. 1971లో గానీ పట్టు సడలలేదు. అభియోగం నిజమే. కానీ మైకుల్లేని రోజుల్లో, తిరునాళ్ల జనంలో, తెల్లవార్లూ సాగే నాటకానికి వీణ ఏం వినిపిస్తుంది? గమకం సంగతి గొంతు చూసుకునేది. బాపట్ల స్థానం నరసింహారావుకైనా, సుద్దపల్లి రఘురామయ్యకైనా పద్యం చివర రాగం లాగి ఊపిరి పీల్చుకునేటప్పుడు ఆ జాగా నింపే తోడు కావాలి. ఆ పని పెట్టె చేసింది.

ఇప్పుడు పరిషత్తుల్లో ఎక్కడ చూసినా కీబోర్డే. మోయడం తేలిక, మీట నొక్కితే శ్రుతి మారుతుంది. కాదనను. కానీ నటుడు గొంతు పెంచగానే పాత హార్మోనిస్టు గట్టిగా తొక్కి గాలి పెంచేవాడు, చేతులు రెండూ మెట్ల మీదే ఉండేవి. కీబోర్డుకీ కాలి పెడల్ దొరుకుతుంది, విడిగా కొనుక్కోవాలి. మన సమాజాలవాళ్లు కొనడం నేనైతే చూడలేదు.