దాంపత్యము, ఆవరణము: 'మ్యారేజ్' టెలివిజన్ నాటక పరిశీలనము

నాటక సాహిత్యమున దాంపత్యగృహమునకు రెండు ద్వారములే ప్రసిద్ధములు. ఒకటి ప్రవేశద్వారము, రెండవది నిర్గమద్వారము. షేక్స్పియరు రచించిన 'యాజ్ యూ లైక్ ఇట్' వంటి సుఖాంత నాటకములు వధూవరులను మొదటి ద్వారము కడకు చేర్చి ముగియును. 1879లో వెలువడిన ఇబ్సెన్ నాటకము 'ఎ డాల్స్ హౌస్' రెండవ ద్వారము మూసికొన్న చప్పుడుతో ముగియును. ఈ రెండు ద్వారముల నడుమ నున్న యిల్లు, అందు ఏండ్ల తరబడి సాగు నిత్యజీవితము నాటకకర్తల దృష్టిని తగినంతగా ఆకర్షింపలేదు. అందులకు కారణము స్పష్టమే. ప్రవేశమునకు ఉత్కంఠ కలదు. నిర్గమమునకు సంఘర్షణము కలదు. నడిమి జీవితమునకు అలవాటు మాత్రమే కలదు. అలవాటును నాటకముగా మలచుట యెట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనిన యిటీవలి రచనలలో 'మ్యారేజ్' అను బ్రిటిష్ టెలివిజన్ నాటకము పరిశీలింపదగినది. దీనిని బి.బి.సి. వన్ 2022 ఆగస్టులో ప్రసారము చేసినది. ఇది నాలుగు భాగముల నాటకము. ఒక్కొక్క భాగము సుమారు ఒక గంట. రచనయు దర్శకత్వమును స్టెఫాన్ గొలషెవ్‌స్కీవే. ఇయన్ అను భర్తగా షాన్ బీన్, ఎమ్మా అను భార్యగా నికోలా వాకర్ నటించిరి. వారి వివాహమై మూడు పదుల ఏండ్లు కావచ్చినవి. ఇయన్ ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు. ఎమ్మా న్యాయవాద కార్యాలయమున ఉద్యోగిని. ఆమెకు జేమీ అను, వయస్సున తనకంటె చిన్నవాడైన అధికారి కలడు. వారి పెంపుడు కూతురు జెస్సికా పాటలు కట్టి పాడు యువతి. ఆమెపై ఆడమ్ అను ప్రియుడు పెత్తనము చలాయించును. ఎమ్మా తండ్రి జెరీ సులభముగా తృప్తిపడని వృద్ధుడు. కథ యింతియే. హత్యలు లేవు, రహస్యపత్రములు లేవు.

రచయిత పూర్వకృతులను గుర్తుంచుకొన్నచో ఈ నాటకము స్థానము తేటపడును. 2010 నుండి 2013 వరకు వచ్చిన 'హిమ్ అండ్ హర్'లో ఆయన ఇంటి నుండి కదలని యువప్రేమికుల జంటను చిత్రించెను. 2016 నుండి 2019 వరకు వచ్చిన 'మమ్'లో భర్తను కోల్పోయిన మధ్యవయస్కురాలు కథానాయిక. అనగా ఆయన మొదట తొలిప్రేమను, పిదప ఒకరు మిగిలిన స్థితిని వ్రాసి, చివరకు ఈ రెంటి నడిమి కాలమునకు వచ్చెను. మొదటి రెండును హాస్యరచనలు. నడిమి కాలమునకు వచ్చుసరికి హాస్యము పలుచబడినది. అది యాదృచ్ఛికము కాదని మా యూహ.

ప్రసారమైన నాళ్లలో ఈ నాటకముపై అభిప్రాయములు రెండుగా చీలినవి. కొందరు దీని సహజత్వమును మెచ్చిరి. మరికొందరు ఇందు ఏమియు జరుగదనియు, మాటలు ముక్కలు ముక్కలుగా నున్నవనియు విసుగు చెందిరి. ఈ రెండవ అభిప్రాయమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఏమియు జరుగని నాటకము నాటకమగునా యను ప్రశ్న లక్షణశాస్త్రమునకు సంబంధించినది. సహజముగా నున్నదన్నంత మాత్రమున దానికి సమాధానము రాదు. జీవితమున విసుగు సహజమే. అంతమాత్రమున విసుగు కళ కాజాలదు.

కావున ముందుగా ఆరంభదృశ్యమును పరిశీలింతము. భార్యాభర్తలు స్పెయినులో సెలవులు గడపి యింటికి మరలుచు విమానాశ్రయమున నున్నారు. ఎమ్మా కాల్చిన బంగాళాదుంప కావలెనని కోరినది. ఇయన్ అది తేలేదు. ఇంతమాత్రమునకే వాదము బయలుదేరును. అడిగితివా, అడుగలేదా, అడుగుటకు సంకోచమేల అను చిన్న చిన్న ప్రశ్నలపై అది పెరుగును. వాచ్యార్థమును మాత్రమే గ్రహించువానికి ఇది పసిపిల్లల జగడము. కాని వ్యంగ్యార్థము వేరు. నా నిమిత్తము పరాయివానిని ఒక్కమాట అడుగలేకపోతివే యని ఆమె బాధ. నేను దేనికిని కొరగానివాడనని నీవును అనుచున్నావా యని ఆయన భయము. ఉద్యోగము పోయిన పురుషుని మనస్సు ఆ దుంపను ఆశ్రయించుకొని యున్నది. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ప్రతిపాదించిన ధ్వనిసిద్ధాంతమును అన్వయించుటకు ఇంతకంటె అనువైన ఆధునిక దృశ్యము అరుదు. ఇచట మాట అల్పము. అల్పమగుటచేతనే అది ఎంత బరువునైనను మోయగలుగుచున్నది. కలహకారణము గొప్పదైనచో ప్రేక్షకుని దృష్టి కారణము కడనే ఆగిపోవును.

ఈ ధ్వని నెరవేరుటకు మాధ్యమము కూడ తోడ్పడినది. రంగస్థలమున నటుని కనురెప్ప కదలిక కడపటి వరుసకు అందదు. టెలివిజను నటుని ముఖమును ప్రేక్షకుని యింటిలోనికే తెచ్చును. భరతుడు చెప్పిన సాత్త్వికభావములలో స్తంభము, స్వరభేదము, వైవర్ణ్యము వంటివి ఈ మాధ్యమమున అలంకారములు కాక ప్రధానవాచకములగును. షాన్ బీన్ వాక్యమును ఆరంభించి, సగమున విడిచి, మరల ఆరంభించును. నికోలా వాకర్ ఆ సగమును ముఖముతోనే పూర్తిచేయును. సంభాషణము ఇద్దరి నడుమ పంచబడినది. కాని పంచుకొన్నది పదములను కాదు.

ఇక అసలు విషయమునకు వత్తము. దీర్ఘదాంపత్యమును గూర్చి సంస్కృత నాటకమున మిక్కిలి గంభీరముగా పలికినవాడు భవభూతి. ఉత్తరరామచరితము ప్రథమాంకమున, చిత్రదర్శనానంతరము, సీత రాముని బాహువుపై నిద్రించును. అప్పుడు రాముడు పరిణతమైన దాంపత్యస్నేహమును తలపోయును. సుఖదుఃఖములలో అది రెండు కానిదనియు, ముదిమి దాని రసమును హరింపజాలదనియు, కాలక్రమమున ఆవరణము తొలగగా స్నేహసారమే మిగులుననియు ఆయన భావన. ఈ భావము మన పండితులకు చిరపరిచితము. వ్యాఖ్యానములు ఆవరణమనగా లజ్జాదికమని తెలుపుచున్నవి. కొత్తదంపతుల నడుమ నున్న సిగ్గు, సంకోచము కాలముచే తొలగునని తాత్పర్యము.

'మ్యారేజ్' నాటకమును ఈ భావము సరసన నిలిపి చూచినప్పుడు ఒక కొత్త విషయము గోచరించును. కాలము ఒక ఆవరణమును తొలగించునది నిజమే; కాని అదే కాలము మరియొక ఆవరణమును నేయును. మొదటిది సిగ్గుచే ఏర్పడినది. రెండవది జాగ్రత్తచే ఏర్పడినది. ఎదుటివానికి ఎచట నొప్పియో తెలిసినవారు అచట చేయి తగులనీయరు. తగులనీయక తగులనీయక, ఆ చోటు ఇద్దరికిని నిషిద్ధస్థలమగును. అపరిచయము కల్పించిన మౌనము పరిచయముచే పోవును. పరిచయమే కల్పించిన మౌనము దేనిచే పోవును? గొలషెవ్‌స్కీ నాటకము వేయు ప్రశ్న ఇదియే.

ఆ నిషిద్ధస్థలము కథలో ఒక సమాధి. ఈ దంపతులకు జన్మించిన మగశిశువు చనిపోయెను. వారు ఆ సమాధిని దర్శించు సన్నివేశము వచ్చువరకు ప్రేక్షకునికి ఆ సంగతి తెలియదు. తెలిసిన పిదప అంతకు ముందు విన్న మాటలన్నియు మనస్సున మరల వినవచ్చును. క్షమింపుమనుట, ఫరవాలేదనుట, టీ త్రాగెదవా యనుట, ఎంగిలిపాత్రలను యంత్రములో సర్దుచు ఇద్దరును మాటలాడకుండుట – ఇవన్నియు అలవాటువలన వచ్చిన పొడిమాటలుగను, పొడి మౌనముగను తోచినవే. ఇప్పుడవి ఒక పెద్దమాటను పలుకకుండుటకై ఇద్దరును కలిసి చేయు ప్రయత్నములుగా బోధపడును. రచయిత ఆ దుఃఖమును సుదీర్ఘ సంభాషణముగా విప్పలేదు. విప్పియున్నచో నాటకము సానుభూతిని సంపాదించియుండును గాని ఈ గాంభీర్యమును కోల్పోయియుండును.

ఇచట భవభూతికి అన్యాయము చేయరాదు. ఆవరణము తొలగునని పలికిన రాముని చెంతకే, మరుక్షణమున, దుర్ముఖుడు లోకాపవాదమును గొనివచ్చును. రాముడు ఆ మాటను సీతకు చెప్పడు. ఆమెను నిద్రలోనే విడిచి, కన్నీరు కార్చి, వెడలిపోవును. సీత తాను కోరిన వనవిహారమునకే పోవుచున్నానను నమ్మికతో రథమెక్కును. అనగా ఆవరణము లేని దాంపత్యమును వర్ణించిన నోటనే ఘోరమైన ఆవరణము పుట్టినది. రెండవ తెర సంగతి ఆ మహాకవి ఎరుగనిది కాదు. ఆయన దానిని భావనలో చెప్పక కథాఘటనలో చూపెను. భేదమొక్కటి కలదు. అచట మౌనము ఏకపక్షము, సీత నిద్రించుచున్నది. ఇచట ఇయన్, ఎమ్మా ఇద్దరును మేల్కొనియే యున్నారు. దాచబడిన దేదియో ఇద్దరికిని తెలియును. వారి తెర ఇద్దరును కప్పుకొన్న ఒకే దుప్పటి. అది వెచ్చదనము నిచ్చును. ఊపిరి సలుపనీయదు కూడ. దానిని లాగివేయుమని నాటకము చెప్పదు, ఉంచుమనియు చెప్పదు.

ఈ దృష్టితో చూచినప్పుడు, ఇదే యితివృత్తముగల ఇతర రచనలకును దీనికిని గల వ్యత్యాసము స్పష్టమగును. 1973లో స్వీడిష్ టెలివిజన్ ఆరు భాగములుగా ప్రసారము చేసిన ఇంగ్మార్ బెర్గ్‌మన్ రచన 'సీన్స్ ఫ్రమ్ ఎ మ్యారేజ్' ఈ శాఖకు ఆదర్శప్రాయము. అందలి మరియన్ విడాకుల వ్యవహారములు చూచు న్యాయవాది. 2018 నుండి 2022 వరకు బి.బి.సి.లో వచ్చిన ఆబీ మోర్గన్ రచన 'ది స్ప్లిట్' కథానాయిక హానా కూడ అట్టి న్యాయవాదియే. ఆ పాత్రను ధరించినది ఈ నికోలా వాకరే. ఆ రెండు రచనలలోని దంపతులు వాగ్వైభవము కలవారు. తమ బాధను తామే విశ్లేషించుకొని, పేరుపెట్టి, ఎదుటివారిపై ప్రయోగింపగలరు. ఇయన్, ఎమ్మాలకు ఆ విద్య లేదు. ఒకే సంవత్సరమున ఒకే నటి అనర్గళముగా మాటలాడు భార్యగను, మాటకు తడుముకొను భార్యగను కనబడుట పరిశోధకులకు చక్కని తులనాత్మక సామగ్రి. హెరాల్డ్ పింటర్ తన నాటకములలో విరామమును, మౌనమును వేరువేరు రంగసూచనలుగా వాడి వాటిని ఆయుధములుగా మలచెను. ఇచట మౌనము ఆయుధము కాదు, కవచము.

ఆరంభసంగీతమును గూర్చియు ఒకమాట చెప్పవలసియున్నది. కరోలిన్ షా కూర్చిన, 2013లో పులిట్జర్ బహుమానము పొందిన, ఎనిమిది గొంతుల 'పార్టీటా' నుండి ఇది గ్రహింపబడినది. కొందరు ప్రేక్షకులకు ఇది కర్ణకఠోరముగా తోచినది. ఆ రచనలో పాటతోపాటు మాటలు, గుసగుసలు, నిట్టూర్పులు కూడ స్వరసామగ్రి. మాట అర్థమును విడిచి ధ్వనిమాత్రమగుట, ధ్వని మరల అర్థమును వెదకికొనుట ఆ సంగీత లక్షణము. అది ఈ నాటక సంభాషణములకు లక్ష్యమువంటిది. శ్రుతిసుఖము లేకపోవచ్చును, ఔచిత్యము కలదు.

గుణములను చెప్పి దోషములను విడుచుట విమర్శధర్మము కాదు. మా దృష్టిలో ఈ నాటకమునకు ప్రధానదోషము జేమీ, ఆడమ్ పాత్రల కల్పన. ఒకడు కార్యాలయమున అహంకారి. రెండవవాడు ప్రేమపేర అధికారము చేయువాడు. వీరిని చూచిన తోడనే వీరిపట్ల ఏ భావము వహింపవలెనో ప్రేక్షకునికి తెలిసిపోవును. ధ్వనిప్రధానమైన రచనలో ఇవి వాచ్యప్రధానములైన పాత్రలు. జెస్సికా అనుభవించు పీడనము తలిదండ్రుల సాహచర్యమునకు ప్రతియోగిగా నుండి దాని విలువను తెలుపుచున్నదని కొందరు వాదింపవచ్చును. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని ఉత్తమ దాంపత్యమును చూపుటకు దుష్టప్రణయమును పక్కన నిలుపుట సులభోపాయము. తన నడిమి వస్తువే చాలునను విశ్వాసము రచయితకు ఇచట సడలినట్లున్నది. ఇయన్ వ్యాయామశాలలోని యువతితో మాటలు కలుపబోయి ఆమెను ఇబ్బందిపెట్టు సన్నివేశము దీనికి భిన్నము. అందు దుష్టుడు లేడు. ఒంటరితనము ఎదుటివారికి ఎట్లు భారమగునో మాత్రమే కలదు. నాటకమంతయు ఈ స్థాయిలో నడచియుండినచో ఆక్షేపణకు తావుండెడిది కాదు.

మొదట వేసికొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఈ నాటకమున ఏమియు జరుగదనుట సరికాదు. జరుగవలసిన పెద్ద సంఘటన తెర తీయకముందే జరిగిపోయినది. తెర తీసిన పిదప మనము చూచునది దాని తరువాతి జీవితము. సంఘర్షణము లేదనుటయు సరికాదు. అది ఇద్దరు వ్యక్తుల నడుమ కాక, చెప్పవలెనను కోరికకును నొప్పింపరాదను ప్రేమకును నడుమ నున్నది. ఈ రెండును స్నేహమునుండి పుట్టినవే కావున ఇందు జయాపజయములు లేవు. సంభోగ విప్రలంభములుగా విభజింపబడిన శృంగారమున, ఒకే యింట, ఒకే శయ్యపై నుండియు కొంత ఎడబాటును, ఆ ఎడబాటులోనే చేరువను అనుభవించు ఈ దంపతుల స్థితికి ఏ పేరు తగునో లక్షణవేత్తలు విచారింపవలసియున్నది. ఆ విచారమునకు పూనుకొను పరిశోధకునికి ఒక కాల్చిన బంగాళాదుంపపై నడచిన ఆ చిన్న కలహము పనికిమాలిన యాధారము కానేరదు.