కుండీలోని బెట్ట, చేనిలోని బెట్ట

బెట్టకు వాడుచున్న పెసర, కంది మొక్కలపై ఏదో ఒక రసాయన ద్రావణమును చల్లినచో దిగుబడి పెరుగునని పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనములలో చూపుట కలదు. అమీర్‌పేట, పంజాగుట్టల వంటి చోట్ల విద్యార్థికి చేను లేదు. మేడమీది కుండీయే అతని చేను. అందు ప్రయోగము చేయుట మెచ్చదగినదే. కాని ఆ కుండీ చెప్పు సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును?

రసాయనములకు గుణము లేదనుట పొరపాటు. నీరు కొరవడినపుడు మొక్క పత్రరంధ్రములను మూసికొనును. నీరు మిగులును, కాని బొగ్గుపులుసు వాయువు లోనికి పోక ఆహారపు తయారీ తగ్గును. వేరు బుడిపెలలో నత్రజని స్థాపనము కూడ మందగించును. స్వల్ప మోతాదులో సాలిసిలిక్ ఆమ్లము మొక్కయొక్క రక్షణచర్యలను మేల్కొల్పగలదు. పొటాషియం నైట్రేట్ ఆకుకు పోషకముల నిచ్చును. అయితే వీనిలో ఏదియు నీటికి బదులు కాజాలదు. పత్రరంధ్రములను బలవంతముగ మూయించు మందు నీటిని కాపాడుచునే ఆహారోత్పత్తిని తగ్గించును.

కుండీ ప్రయోగములోని మొదటి లోపము వేరునకు సంబంధించినది. లోతైన నేలలో కంది వేరు మీటరుకు మించి దిగి తేమను వెదకును. కుండీలో ఆ వీలు లేదు. నీరు ఆపిన కొద్ది దినములకే మొక్క వాడును. చేనిలో బెట్ట మెల్లమెల్లగ ముదురును. రెండవది పోలికలోని లోపము. ద్రావణములో నానిన విత్తులను పొడి విత్తులతో పోల్చుట చాలదు. శనగలను రాత్రి వట్టినీటిలో నానవేసి, పైతడి ఆర్చి విత్తినను మొలక త్వరపడును. కనుక వట్టినీటిలో నానిన వరుస ఒకటి తప్పక ఉండవలెను. మూడవది, మొక్క ఎత్తును కొలిచి దానినే దిగుబడి యనుట. తుదకు తూచవలసినది గింజలనే.

అనంతపురము మెట్టచేలలోని వేరుశనగ ఇందుకు మంచి నిదర్శనము. నేలలోని కాయ ఆకువలె నీటిని ఆవిరి చేయదు. అందుచే వేరు పీల్చిన కాల్షియము దానికి చాలినంత చేరదు. చుట్టునున్న మట్టినుండియే కాయ దానిని గ్రహించవలెను. పూతదశలో ఎకరమునకు 200 కిలోల జిప్సం వేయుమని చెప్పుటకు కారణమిదియే. ఆ కాల్షియము కాయలోనికి పోవుటకును మట్టిలో తేమ కావలెను! ఈ జిల్లా రైతులకు 2006లో విడుదలైన ఐ.సి.జి.వి. 91114 అను రకము వేరొక మార్గమును చూపినది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రూపొందించిన ఈ రకము త్వరగ కాపునకు వచ్చును; బెట్టను కొంత ఓర్చుకొనును.

జీవప్రేరకముల పేర అమ్ముడగు మందులను కేంద్రప్రభుత్వము 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోనికి తెచ్చినది. ఇది మంచిదే. కాని సీసామీది మాటలకు అప్పుచేసి సొమ్ము చెల్లించునది రైతు. ఆ మాటలను ప్రశ్నించుట బడిలోనే అలవడవలెను. పచ్చని కుండీని చూపిన విద్యార్థిని ఉపాధ్యాయుడు మెచ్చుకొని, “మందు లేక వట్టినీరే చల్లిన కుండీ ఏది?” అని కూడ అడుగవలెను.