రెండు వేళ్ల వెడల్పు

మా ఊళ్లో రైలు లేదు. అండమాన్ దీవుల్లో ఎక్కడా లేదు. శ్రీవిజయపురం నుంచి, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్ నుంచి, దిగ్లీపూర్ దాకా 240 కిలోమీటర్ల లైను వేస్తారన్న మాట ఏళ్లుగా వింటున్నాం. ఈలోగా ఇక్కడ పుట్టిన పిల్లలు రైలు చూడాలంటే విమానమో ఓడో ఎక్కాలి. మా పేటలో ఎక్కువమందికి ఓడే. విశాఖ రేవులో దిగేసరికి రెండు మూడు రోజులు సముద్రం మీదే గడుస్తాయి.

అలాంటి చోట నేను నాలుగేళ్లుగా పట్టాలు వేస్తున్నాను. జంగ్లీఘాట్‌లో మా ఇంటి వెనక గదిలో, బల్ల మీద, నౌపడ స్టేషన్ని 87వ వంతుకు కుదించి కడుతున్నాను.

నౌపడే ఎందుకంటే మా నాన్న అక్కడ గ్యాంగ్‌మన్. హౌరా–మద్రాసు పెద్ద లైను పక్కనే పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైను ఉండేది. 1900లో మొదలై, 1931లో గుణుపూర్ చేరింది. పెద్దదాని గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, 1676 మిల్లీమీటర్లు, చిన్నదానిది 762. నాన్న ఇనప గేజిని పట్టాల మధ్య ఆనించి, ఒక కన్ను మూసి చూడటం నాకింకా గుర్తే. 2004లో చిన్న బండి ఆగిపోయింది. 2011కల్లా గుణుపూర్ దాకా పెద్ద పట్టాలే పడ్డాయి. ఆ రెండు గేజీలూ పక్కపక్కన కనిపించే నౌపడ ఇప్పుడు లేదు.

దాన్ని కట్టాలంటే బజార్లో దొరికే పట్టాలు పనికిరావు. ఈ సైజులో తయారుగా అమ్మే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మి.మీ. అది అమెరికా, చాలా యూరప్ దేశాల 1435 గేజికి సరిపోయే లెక్క. మన బ్రాడ్ గేజికి 19.26 రావాలి. మూడు మిల్లీమీటర్ల దగ్గర ఇంత పట్టింపా అని తోటి మోడల్ పనివాళ్లే అడిగారు. మన బోగీని ఆ ఇరుకు పట్టాల మీద పెట్టి ఎదురుగా చూడండి, పెద్ద మనిషికి పసిపిల్లాడి చెప్పులు తొడిగినట్టు ఉంటుంది. చిన్న లైనుకి 8.76 రావాలి, చక్రాలు 9కే దొరుకుతాయి కాబట్టి అక్కడ రాజీపడ్డాను. పెద్ద లైను దగ్గర పడలేదు. ఇరుసులు నేనే పొడిగించుకున్నాను. పెద్దది సన్నబడితే చిన్నది చిన్నదిగా కనబడదు. నౌపడలో చూడాల్సిందే ఆ తేడా.

పట్టా ఎత్తుదీ అదే కథ. మీటరుకు 52 కేజీల పట్టా అసలు ఎత్తు 156 మి.మీ. నా బల్ల మీద అది 1.8కి కాస్త తక్కువ. మామూలుగా అమ్మే 2.54 మి.మీ. పట్టా వేస్తే, ఏ రైల్వేలోనూ లేనంత ఎత్తు పట్టా అవుతుంది.

స్లీపర్లు గర్జన్ చెక్కవి. వడ్రంగి దుకాణంలో మిగిలిన ముక్కలు తెచ్చి, 31.6 మి.మీ. పొడవున బ్లేడుతో కోస్తాను. ఒకప్పుడు ఈ దీవుల గర్జన్‌కి మందు పట్టించి రైలు స్లీపర్లుగా వాడేవాళ్లు. ఇక్కడి పడౌక్ అమెరికాలో పుల్‌మన్ బోగీలకు వెళ్లింది. 1883 నాటి చాథం రంపపు మిల్లు ముందునుంచి వెళ్లినప్పుడల్లా, రైలు ఎరగని ఈ నేల రైళ్లకు ఎంత ఇచ్చిందో అనుకుంటాను.

ప్రతి ఐదో స్లీపరు చెక్కది కాదు, రాగి రేకు అంటించిన ఫైబర్ ముక్క. రేకుని మధ్యలో ఆకురాయితో తెగగీయాలి, లేకపోతే కరెంటు ఒక పట్టా నుంచి రెండోదానికి దాటేస్తుంది. పట్టాని గేజి బిళ్ల గాడిలో కూర్చోబెట్టి, సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి, లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాను. సీసం మెరిసి, పట్టా అడుగుకి పాకుతుంది. ఐరన్ తీశాక చల్లారేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. తర్వాత వెర్నియర్‌తో కొలత. 19.2 దాటి 19.4 లోపు వస్తే ఉంచుతాను. లేదంటే మళ్లీ వేడిచేసి ఊడదీయడమే.

మొదటి ఏడాది చేసినదంతా వానాకాలంలో పాడైంది. ఇక్కడ మేలో మొదలైన వాన డిసెంబరు దాకా పోదు. గేజి మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే చెక్క తడికి నార పొడవునా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. స్లీపర్లను నార పొడవునే కోశాను కాబట్టి బతికాయి. అడుగున పరిచిన వెడల్పాటి పలకలు ఉబ్బి, పట్టాల అతుకుల్ని వేలెడేసి మేర పైకెత్తేశాయి. అంతా పీకి, కింద మెరైన్ ప్లై వేశాను. అదీ గర్జన్‌దే.

పోయిన ఆదివారం పక్కింటి పాప వచ్చింది. ఎనిమిదేళ్లది, ఓడ తప్ప రైలెరగదు. కంకర ఇంకా ఆరలేదు, ముట్టుకోవద్దన్నాను.

“తాతా, ఆ పెద్ద బండి ఈ చిన్న పట్టాల మీద ఎందుకు పోదు?”

“నువ్వే చూడు,” అని, కంకర పోయని చోటు చూపించాను.

చూపుడు వేలు చిన్న లైను పట్టాల మధ్య పెట్టింది. సరిగ్గా పట్టింది. పెద్ద లైనులో ఒకటి పెట్టి, ఆగి, పక్కన ఇంకోటి దూర్చింది.

“దీన్లో రెండు వేళ్లు,” అంది. మళ్లీ చిన్నదాన్లో రెండూ పెట్టబోయింది, పట్టలేదు.